చుక్కకూర మాడిపోయిన చలికాలం

మా మిద్దె మీద పాత పెయింటు డబ్బాల్లో అమ్మ చుక్కకూర పెంచుతుంది. నీళ్ళు పోయడానికి నేనే పైకి వెళ్తాను. డబ్బాలను ఎండకు జరుపుతాను, పేడ ఎరువు తెప్పిస్తాను. ఆకు మాత్రం కోయను. బండి మీద అమ్మే కట్టలైతే ఎన్నైనా కొంటాను, వేళ్ళు తుంచి కడుగుతాను, పప్పులో వేస్తాను. వేరుతో మట్టిలో నిలబడి ఉన్న ఆకు మీదికే నా చెయ్యి పోదు. నేను ప్రొద్దుటూరు హైస్కూల్లో ఉద్యోగమంతా జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఆడపిల్లలను విడిగా కూర్చోబెట్టి, ముట్టు అంటే ఏమిటో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. ఆ రోజుల్లో ముట్టుకుంటే మొక్కలు ఎండిపోవు, ఊరగాయలు చెడిపోవు అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అంత గొంతు పెట్టుకొని చెప్పి, ఇంటికి వచ్చి మెట్ల కింద నిలబడి, అమ్మా, రెండు పిడికిళ్ళు ఆకు కోసుకొని రా అని కేకేసేదాన్ని. నాకు ముట్టు ఆగిపోయి కూడా చాలా ఏళ్ళయింది. అయినా అంతే. చదువుకున్న మనిషికి ఇంతకంటే సిగ్గుచేటు ఇంకొకటి ఉండదని మొన్నటిదాకా అనుకున్నాను.

మొన్న చలికాలం మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, కంటి ఆపరేషన్ చేయించుకుందామని పులివెందుల నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు. నాయన పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంది కాబట్టి వదినా మరుదులకు పొద్దుపోకపోవడమనేది లేదు. చచ్చిపోయిన వాళ్ళందరినీ పేరుపేరునా పిలిచి కబుర్లలో కూర్చోబెట్టుకునేవాళ్ళు. ఆపరేషన్ అయిన మర్నాడు ఆయనకు ఇష్టమని అమ్మ మిద్దె మీద నుంచి చుక్కకూర కోసుకొచ్చింది. నేను పప్పు చేశాను. నల్లద్దాలు పెట్టుకొని అన్నంలో పప్పు కలుపుకుంటూ చిన్నాయన నవ్వులాటకు ఒక మాట అన్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ మాటేమిటో తెలియాలంటే ముందు జమ్మలమడుగులో మా ఇంటి పెరటిని చూపించాలి.

ఆ పెరడు మా జేజిది. జేజి అంటే నాయనను కన్నతల్లి. తాత పోయాక ఇంటి పెత్తనం, పొలం పెత్తనం అన్నీ ఆమె చేతికే వచ్చాయి గానీ, ఆమె నిజంగా ఏలింది మాత్రం పెరట్లో బావి పక్కనున్న చుక్కకూర మడినే. మాది నల్లరేగడి నేల. తడిస్తే బంక, ఆరితే నెర్రెలు. దాంట్లో ఆకుకూర బాగా రాదని పెన్నలో నుంచి ఇసుక తోలించి, పాతపేడ కలిపి, మడిని తలగడంత మెత్తగా చేయించింది. దసరా వానలు వెనక్కి తగ్గాక విత్తనాలు చల్లేది. ఎర్రటి పొరల్లో చుట్టుకొని ఉండే ఆ విత్తనాలను బూడిద కలిపి, గుడ్డలో మూటగట్టి, వంటింటి దూలానికి వేలాడదీసి ఉంచేది. మొలకలు వచ్చేదాకా చెంబుతో నీళ్ళు పోయనిచ్చేది కాదు. అరచెయ్యి అడ్డం పెట్టి వేళ్ళ సందుల్లోంచి చిలకరించాలి. ఆ పని నాకు అప్పచెప్పేది. చేతులు చల్లబడి తిమ్మిరెక్కేవి, అయినా ఆ పనికి నన్ను పిలిచిందంటే నాకు గొప్పగా ఉండేది.

కోత మాత్రం ఆమెదే. తెల్లవారకముందే స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకొని, ఆకు మీదికి ఎండ రాకముందే మడి దగ్గర గొంతుక్కూర్చునేది. బయటి ఆకులనే, కాడ మొదట్లో బొటనవేలి గోరు ఆనించి, పక్కకు మెలిపెట్టి తీసేది. నడిమి లేతాకు జోలికి పోతే ఊరుకునేది కాదు, వేరు కదిలితే ఆ పూటంతా తిట్లే. అలా తీస్తే మళ్ళీ వారానికల్లా ఆకు నిండేది. కోసిన వాటిలో మొదటి కాడను ఉప్పు అద్దుకొని, ఒక కన్ను మూసి నమిలేది. పులుపు సరిపోయిందంటే తల ఊపేది. ఆ గోరు ఎప్పుడూ నల్లగా ఉండేది, ఆమె చేతుల్లో ఎప్పుడూ ఆ పుల్లటి వాసన ఉండేది. పండగ పూట తలంటి పోసేటప్పుడు కుంకుడు వాసనతో కలిసి అది నా ముక్కుకు తగిలేది. ఇత్తడి గిన్నెలో పులుపు చెడుతుందని చుక్కకూరను మట్టి సట్టిలోనే వండాలి. కందిపప్పు ఉడికిన సట్టిలోకి ఆకు, పచ్చిమిరపకాయలు వేసి ఎనిపి, చెనక్కాయ నూనెలో తెల్లగడ్డలు ఎర్రగా వేయించి తిరగబాత పెడితే, పొయ్యి దగ్గరే జొన్నరొట్టె పట్టుకొని కూర్చునేవాళ్ళం. ఇప్పుడు కుక్కర్లో వండుతున్నాను. రుచి రాదని చెప్పను, వస్తుంది. కానీ దాని కోసం పొయ్యి దగ్గర ఎవరూ కూర్చోరు.

నేను పెద్దమనిషినైన ఏడాది మడి ముందెప్పుడూ లేనట్టు పెరిగింది. ఆకు అరచేతికంటే పెద్దగా, కాడ చిటికెనవేలంత లావుగా ఉండేది. ఆ రోజుల్లో బయట చేరితే వీధి వైపు చెనక్కాయల మూటలు వేసే గదిలో ఉండాలి. చాప, కంచం, చెంబు, గోనెసంచుల దుమ్ము వాసన, అంతే. పెరటి మూలనున్న మరుగుదొడ్డికి పోవాలంటే ఇంటి పక్కన గోడవారగా సన్నటి దారి ఉండేది. అది చుక్కకూర మడి గట్టును ఆనుకొని పోయేది. అమ్మ కూడా ఆ రోజుల్లో ఆ దారినే పోయేది, పావురంలాగా గోడకు ఒదిగి. నేనూ అట్లాగే ఒదిగి నడిచాను. మొదటిసారి భయం, రెండోసారి కొంచెం అలవాటు. మూడోసారి నేను గదిలో ఉండగానే మడి మాడిపోయింది.

ఒక పొద్దున ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. మర్నాటికి మంట తగిలినట్టు ముడుచుకొని, కాడలతో సహా నేల మీద పడుకున్నాయి. జేజి గొంతు నాకు గదిలోకి వినిపించింది. ఏడవలేదు, అరవలేదు. అందరినీ పెరటి వాకిట్లోకి పిలిచింది. నాయన వచ్చాడు, అమ్మ వచ్చింది, చాకలామె వచ్చింది, గోడ అవతల నుంచి మహబూబ్బీ అత్త తల కనపడింది. ఆమె మా పక్కింటి కోడలు, అప్పటికి కొత్తగా కాపురానికి వచ్చింది. నన్ను గది గడప దగ్గర నుంచి పక్కదారి చివరికి రమ్మన్నారు. దూరంగా నిలబడ్డాను. చిన్నాయన ఆ పూట ఊళ్ళో లేడు, చాపాడులో మేనమామ ఇంటికి పోయాడని తర్వాత తెలిసింది.

"గట్టు మింద పోతాపోతా మడి ముట్టుకున్న్యావా?" అంది జేజి.

"లేదు జేజీ, నేను ముట్టుకోల్యా" అన్నాను.

అప్పుడు అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. నా వైపు చూడకుండా, జేజి కాళ్ళ దగ్గర నేలను చూస్తూ అంది. "తెలియక పావడ అంచు తగిలిందంట అత్తా. చిన్నపిల్ల, ఈ తూరికి పోనీ."

నేను అమ్మకు ఆ మాట చెప్పనే లేదు. అమ్మ అబద్ధం చెప్తుందని మాత్రం నాకు తట్టలేదు. నాకు తెలియకుండా నా పావడ తగిలి ఉంటుంది, అమ్మ ఎక్కడి నుంచో చూసి ఉంటుంది అనుకున్నాను. ఆ క్షణంలోనే నాకు అది జరిగినట్టు కూడా అనిపించింది, గుడ్డ అంచుకు ఆకు రాసుకున్న చప్పుడు కూడా విన్నట్టే అనిపించింది. నాయన నా వైపు ఒకసారి చూసి, ఇటువంటి మాటల్లో మగవాడు ఉండకూడదన్నట్టు లోపలికి పోయాడు. నా తల మీద నుంచి కాళ్ళదాకా సిగ్గు పాకింది. నా ఒంట్లో నుంచి వచ్చేదేదో పచ్చటి మడిని కాల్చేసిందని, దాన్ని ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళూ నిలబడి చూస్తున్నారని. నాకు పదమూడేళ్ళు.

జేజి మడినంతా తవ్వించి, ఆ మట్టిని ఊరి బయట పారబోయించి, పసుపునీళ్ళు చల్లించి, పెన్న ఒడ్డు నుంచి కొత్త మన్ను తెప్పించింది. ఆ తర్వాత నాకొక దారి పెట్టింది. బయట చేరినప్పుడు నేను గట్టు వెంబడి పోకూడదు. వీధి తలుపు నుంచి బయటికి వచ్చి, మహబూబ్బీ వాళ్ళ ఇంటి పక్క సందులో చుట్టూ తిరిగి, పెరటి తలుపు నుంచి మరుగుదొడ్డికి పోవాలి. అమ్మకు ఆ నియమం లేదు, పెద్ద మనుషులకు ఒదిగి నడవడం తెలుసని. ఆకును ముట్టింది నేను కాబట్టి దారి నా ఒక్కదానికే మారింది.

చెంబు పట్టుకొని పగటిపూట ఆ సందులో పోవడమంటే ఊరికంతా టముకు వేసుకున్నట్టే. సందు మొదట్లో ఒక దర్జీ కొట్టు ఉండేది. నేను మలుపు తిరగగానే కుట్టుమిషన్ చప్పుడు ఆగేది, నేను దాటిపోయాక మళ్ళీ మొదలయ్యేది. ఆ ఆగడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకని నీళ్ళు తాగడం మానేశాను. చీకటి పడేదాకా పళ్ళు బిగబట్టుకొని కూర్చునేదాన్ని. కడుపులో నొప్పి వచ్చి మూటల మీద పడి మెలికలు తిరిగిన రోజులున్నాయి. బడిలో మా తరగతి పిల్ల ఒకతి, మీ ఇంట్లో నిన్ను బయటి దారిన పంపిస్తారంట కదా, ఏం చేసినావు అని అడిగింది. ఏం చేశానో నాకూ సరిగ్గా తెలియదు కాబట్టి నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు కూడా మొహం వేడెక్కుతుంది. ఒక్కసారి మాత్రం అమ్మను అడిగాను, నా పావడ తగలడం నువ్వు చూసినావా అని. ఆ మాట ఇంక ఎత్తొద్దు పాపా అంది. అంటే చూసిందనే కదా అనుకున్నాను. కడపలో కాలేజీ హాస్టలుకు పోయేదాకా ఆ సందే నా దారి.

ఇంక అన్నం దగ్గర చిన్నాయన అన్న మాట.

"ఏమన్నాగానీ వదినా, మా యమ్మ మడి కూరాకు మాదిరి యాడా రాదు. దాన్ని నేనే గదా నాశనం జేసింది" అని నవ్వాడు. నేను ఏమిటని అడిగాను. "నీకు తెలీదా పాపా? అప్పుడే యూరియా కొత్తగా వచ్చింటాది. సేనికని తెచ్చిన సంచిలోంచి రెండు దోసిళ్ళు తీసి మిట్టమధ్యాన్నం ఆకుల మింద సల్లినా. ఆకు ఇస్తరాకంత అయితే మా యమ్మ మెచ్చుకుంటాదని. మర్నాటికి సూస్తే మాడిపోతాండాది. సంపుతాదని చాపాడుకు పారిపోయినా. వదిన సూసింది గానీ నోరిప్పల్యా, మహాతల్లి." మజ్జిగ ఎక్కడుందని చేత్తో తడుముకున్నాడు. ఆయన చాపాడు నుంచి వచ్చేసరికి మడి తవ్వేసి ఉంది, ఎవరూ ఏమీ అనలేదు, బతికిపోయాను అనుకున్నాడట. నేను సందులోంచి పోవడం ఆయన ఎన్నోసార్లు చూసే ఉంటాడు. ఆడవాళ్ళ ఆచారాల్లో ఇదొకటి అనుకొని ఉంటాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కంచంలో అన్నం మెతుకులను ఒక పక్కకు జరుపుతోంది.

చిన్నాయన పడుకున్నాక అమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను. అరవాలని పోయాను. ఎనభై దాటిన మనిషి, వెన్ను వంగి, మిగిలిన చుక్కకూరలో పండుటాకులు ఏరుతోంది. ఎందుకమ్మా అని మాత్రం అడిగాను.

అమ్మ ఏరిన ఆకులను పక్కన పెట్టింది. "అప్పుడు మీ నాయనా, మీ చిన్నాయనా సేను పంచుకునే కాడ మాట్లాడుకుంటాన్యది లేదు. వాడు జేసినాడని నేనంటే, మొగుని తరపున మరిది మింద చాడీ చెప్పినానంటారు. ఇల్లు రెండైతాది. నీ మింద ఐతే నాల్గు దినాలకు మర్సిపోతారనుకున్న్యా" అంది. మరి మర్చిపోయారా అమ్మా అన్నాను. "లేదు. మీ జేజి దారి మారుస్తాదని నాకేం తెలుసు. మార్సినాక చెప్దామంటే, అబద్ధం చెప్పినానని నన్నే ఇంట్లోంచి ఎలబారిస్తాది. నువ్వు ఆ తలుపు తీస్కోని పోయినప్పుడల్లా వంటింట్లోకి పోయి నిలబడుకుంటాంటి" అంది.

ఇప్పుడు నా మనవరాలు సెలవులకు వస్తే ఏ రోజైనా మిద్దె ఎక్కుతుంది, చుక్కకూర కాడలు తుంచి పచ్చివే నములుతుంది. నాకు ఇవాళ మొదలైంది జేజీ, వేడినీళ్ళ సీసా యాడుంది అని అందరి ముందరే నన్ను అడుగుతుంది. ఆ పిల్లను చూసి సంతోషపడాలి. పడతాను కూడా. దాంతోపాటే ఒంట్లో ఎక్కడో ముడుచుకుపోతాను, అంత పెద్దగా అడగాలా అని. పాఠాలు చెప్పి ఎంతమందికి ఆ సిగ్గు వదిలించానో గానీ నాలోనిది అట్లాగే గట్టిపడిపోయింది. చిన్నాయన ఆ మాట అన్న మధ్యాహ్నం తెలిసిందేమంటే, నా ఒళ్ళు ఏమీ చేయలేదు, నా పావడ ఏమీ తగల్లేదు, అది తగలడం అమ్మ చూడనూ లేదు. తేలిక పడాల్సిన మాటే. నాకు మాత్రం ఇన్నేళ్ళూ లేనిదానికి తల వంచుకున్నానని ఇంకా సిగ్గేసింది.

రెండు రోజుల తర్వాత అమ్మ తనంతట తనే, నన్ను జమ్మలమడుక్కు తీసుకుపో అంది. అందరి ముందర చెప్పిన మాట, అందరి ముందరే కాదనాలంది. వినడానికి ఎవరున్నారమ్మా అన్నాను. జేజి లేదు, నాయన లేడు, చాకలామె లేదు. మహబూబ్బీ ఉండాది గదా అంది. కారు మాట్లాడుకొని పోయాం. మా ఇల్లు అమ్మేసి ఎన్నాళ్ళో అయింది. పెరడు, బావి, మడి ఉన్న చోట వరుసగా కొట్లు కట్టారు, సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయి కూర్చొని ఉన్నాడు. సందు మాత్రం ఉంది, సిమెంటు పోశారు. మహబూబ్బీ అత్త మంచం మీద కూర్చొని ఉంది, మోకాళ్ళు పోయాయి. నా పేరు చెప్తే రెండు చేతులూ పట్టుకుంది.

అమ్మకు కుర్చీ వేశారు. అమ్మ కూర్చోలేదు. అత్త కోడలు, మనవలు చూస్తుండగానే నిలబడి చెప్పింది. "మహబూబ్బీ, ఆ పొద్దు గోడకాడ నువ్వుండావు. మా పాప మడి ముట్టుకోల్యా. నేను అబద్ధం చెప్తి. మా మరిది యూరియా ఏసినాడు."

మహబూబ్బీ అత్త అమ్మ మొహంలోకి జాలిగా చూసింది. "ఈ మాట చెప్పనీకి ఇంత దూరం వచ్చినావా అక్కా? నాకు తెలుసు. మీ అత్తకూ తెలుసు" అంది.

మడి తవ్వించిన రెండు రోజులకే జేజికి గట్టు పక్కన తెల్లటి పలుకులు దొరికాయట. గొడ్ల కొట్టంలో యూరియా సంచి మూతి విప్పి ఉందట. ఆ పలుకులు పిడికిట్లో పట్టుకొని గోడ దగ్గరికి వచ్చి మహబూబ్బీ అత్తకు చూపించి ఏడ్చిందట. "పిల్లను అందర్లో అనేస్తిని. ఇప్పుడు కాదంటే కోడలి ముందర, కొడుకుల ముందర నా మాట నిలబడతాదా అన్న్యది మీ జేజి. దారి మార్సినాను, ఇంక తిప్పుకోలేను. ఆ సందులో పల్లేరు ముండ్లుంటాయి, పిల్ల వట్టికాళ్ళతో పోతాది, ఊడ్సిపెట్టు అని నన్ను బతిమాలింది. నువ్వు దూరమైన పొద్దు తెల్లారకముందే గోడ మింద నుంచి నాకొక కూరాకు కట్ట అందిచ్చేది పాపా. చుక్కకూర లేనప్పుడు తోటకూర. నాకు అదే గుర్తు. కట్ట రాంగానే పొరక ఎత్తుకోని సందులోకి పోతాంటి."

అమ్మ అప్పుడు కూర్చుంది. జేజి తెల్లవారుజామున స్నానం చేసి, నల్లటి గోరుతో బయటి ఆకులు మెలిపెట్టి తీసి, ఆ కట్టను నాకోసమే గోడ దాటించేదన్నమాట. నా కాళ్ళలో ముల్లు గుచ్చుకోకూడదని అనుకున్న మనిషే, నన్ను ఆ దారిన పంపడం ఒక్కనాడూ మానలేదు. తెలిసి ఇంట్లో అమ్మ, తెలిసి జేజి, ఒకరికి తెలుసని ఒకరికి తెలియకుండా, నేను చెంబు పట్టుకొని తలుపు దాటుతుంటే చెరొక మూలా నిలబడ్డారు. వాళ్ళు ప్రేమ లేనివాళ్ళయితే నాకు బాగుండేది.

అప్పుడు ఇరవై ఏళ్ళ పిల్లవు, ఆ సందులోనే ఉన్నావు, నువ్వన్నా ఒక్కసారి నా చెవిలో చెప్పి ఉండొచ్చు కదత్తా అన్నాను. గొంతులో నిష్ఠూరం నాకే వినిపించింది.

"చెప్దామనే పొరక పట్టుకోని వాకిట్లో నిలబడుకుంటాంటి పాపా. ప్రతి తూరీ నిలబడుకున్న్యా" అంది మహబూబ్బీ అత్త. "నువ్వు యాపొద్దన్నా తలెత్తి నా తట్టు సూసినావా?"

చూడలేదు. ఆ సందులో నేల ఎక్కడ పల్లంగా ఉండేదో, ఏ రాయి ఎక్కడ పైకి లేచి ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. ఆమె వాకిలి ఎటువైపు ఉండేదో మాత్రం ఆ రోజు కారు దిగాక ఆమె కోడలు లోపలికి రమ్మని పిలిచేదాకా నాకు తెలియదు.